గలిజేరు కాడలో గాలి బుడగ

ప్రతి విద్యార్థి ప్రాక్టికల్ రికార్డు మొదటి పేజీలోనూ ఇంగ్లీషులో ఒక వాక్యం అచ్చువేసి ఉండేది. ఇందులో ఉన్న పనంతా ఈ విద్యార్థి స్వయంగా, ప్రయోగశాలలో, మా కళ్ళ ముందు చేసినదని ధ్రువీకరిస్తున్నామని దాని అర్థం. కింద రెండు గీతలు. ఎడమ గీత మీద నేను, కుడి గీత మీద మా శాఖాధిపతి సంతకం పెట్టాలి. ఆ రెండు సంతకాలూ లేకపోతే ప్రాక్టికల్ పరీక్ష గదిలోకి రానివ్వరు. ప్రాక్టికల్ పోతే డిగ్రీ పోయినట్టే. అంత బరువున్న వాక్యం కింద, అది అబద్ధమని తెలిసి తెలిసీ, ఏటా చలి తగ్గే రోజుల్లో నా పేరు రాసుకుంటూ కూర్చునేదాన్ని. చెయ్యి పీకేది. ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటే చెయ్యి నొప్పి తగ్గేది. మిగతాది తగ్గేది కాదు.

అరవైల చివరి సంవత్సరాలవి. మాది నరసన్నపేట. వేరే ఊళ్ళో చదువు ముగించుకుని, విజయనగరంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. పాఠాలు చెప్పేవాళ్ళు లెక్చరర్లు. కాడలూ వేళ్ళూ బ్లేడుతో ఎలా కొయ్యాలో, కోసిన పల్చటి ముక్కకు రంగు ఎలా అద్దాలో, మైక్రోస్కోపులో ఏం చూడాలో చూపించేది డిమాన్‌స్ట్రేటరు. చూసింది చూసినట్టు బొమ్మ వేసి, భాగాలకు పేర్లు రాయాలి. ఆ బొమ్మలన్నీ ఉన్న పుస్తకమే రికార్డు.

చూసింది చూసినట్టు అని నేనంటున్నాను గానీ, ఆ గదిలో ఎవరూ ఏమీ చూసేవారు కాదు. పిల్లల్ని మాత్రమే అని ఏం లాభం? నలుగురైదుగురికి ఒక మైక్రోస్కోపు. సమ్మెల పేరుతో క్లాసులు సగం పోయేవి. పాఠం చెప్పే పెద్దలు కూడా పసుపురంగు తేలిన తమ పాత నోట్సే ఏటా కామా కూడా వదలకుండా చెప్పి రాయించేవారు. గురువుగారే దించుతూంటే శిష్యుడికి సిగ్గెందుకు?

కాలేజీలో దీనికొక పద్ధతే ఉండేది. అంతకు ముందెప్పుడో ఎవరో మంచి మార్కులు తెచ్చుకున్న రికార్డును ‘తల్లి రికార్డు’ అనేవారు. పై తరగతివాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు దాన్ని కింది తరగతివాళ్ళకు అప్పగించేవారు. హాస్టల్లో కిటికీ అద్దానికి తల్లి రికార్డు పేజీ ఆనించి, దాని మీద తెల్లకాగితం పెడితే, పగటి వెలుగులో కింది గీత పైకి కనిపిస్తుంది. పెన్సిలు పెట్టి మక్కికి మక్కి దించేయడమే. అది నలిగి చిరిగేసరికి, దించినవాటిలో శుభ్రంగా ఉన్నది కొత్త తల్లి అయ్యేది. దసరాల్లో ఆయుధపూజ నాడు మైక్రోస్కోపులకు కుంకంబొట్లు పెట్టేవాళ్ళం. నేను చేరిన ఏడాది చూస్తే, వాటి పక్కన అట్ట వేసిన పుస్తకం ఒకటి, దానికీ ఒక బొట్టు. ‘ఏటిది?’ అని అడిగితే, ‘తల్లి మేడమ్’ అని భక్తిగా చెప్పారు. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక ప్రసాదం తీసుకున్నాను.

ఇక గలిజేరు సంగతి. వానలు పడితే గోడల పక్కన పాకే తీగ అది. పప్పులో వేసుకుంటారు. దాని కాడను అడ్డంగా కోస్తే లోపలి అమరిక మిగతా మొక్కల్లా ఉండదు. నడిమధ్యలో రెండు పెద్ద నాళాల కట్టలు, వాటి చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకో వలయం. చూడముచ్చటగా ఉంటుంది. అందుకని పరీక్షలో తప్పకుండా వచ్చేది.

నేను చేరిన ఆ ఏడాది రికార్డులు దిద్దుతూంటే ఒకటి గమనించాను. ప్రతి గలిజేరు బొమ్మలోనూ ఆ రెండు పెద్ద కట్టల పక్కన, కుడివైపు కాస్త పైన, గుండ్రంగా ఒక సున్నా. మందపాటి నల్లటి అంచు. దానికి ‘కేవిటీ’ అని పేరు. అంటే ఖాళీ గది అన్నమాట. పుస్తకాల్లో వెతికాను, లేదు. పెరట్లోంచి గలిజేరు తెచ్చి నేనే కోసి చూశాను, లేదు. ముదురు కాడలో లేదు, లేత కాడలో లేదు. రామతీర్థం కొండ కిందనుంచి తెచ్చిన కాడలోనూ లేదు. విసిగిపోయి, ఆఖరి ముక్క మీద పల్చటి గాజుబిళ్ళను సూదితో మెల్లగా వాల్చకుండా, టపీమని పడేశాను. అప్పుడు కనబడింది. నల్లటి అంచుతో, గుండ్రంగా, నిగనిగలాడుతూ.

గాలి బుడగ!

గాజుబిళ్ళ సరిగా వాల్చకపోతే కింద గాలి ఇరుక్కుంటుంది. కొత్తగా నేర్చుకునే ప్రతివాడికీ అవుతుంది, తప్పేం కాదు. ఎప్పుడో ఒక మహానుభావుడు ఆ బుడగను కూడా మొక్కలో భాగమనుకుని శ్రద్ధగా గీశాడు. పాపం, ఆయన ఒక్కడే మైక్రోస్కోపులో చూసినవాడు. తర్వాతివాళ్ళు దించారు. పేరు లేని సున్నాకు మార్కులు పోతాయని మధ్యలో ఎవరో ‘కేవిటీ’ అని నామకరణం చేశారు. తద్దినం నాడు పిల్లి అడ్డం వస్తోందని తండ్రి బుట్ట కింద మూస్తే, ఆయన పోయాక కొడుకులు తద్దినానికి పిల్లి కోసం ఊరంతా వెతికారట. సరిగ్గా అదే తంతు. దాని మీద ఏటా మా శాఖాధిపతి ఎర్రసిరా టిక్కు.

మా శాఖాధిపతిని అందరూ మాస్టారు అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. తెల్లటి పంచె, నల్లకోటు, నెమ్మదైన మాట. రిటైరయ్యే వయసు. ఒకరి మీద గొంతు పెంచగా నేను వినలేదు. బుడగ సంగతి ఆయనకు చెబుదామని ఆ ఏడు రెండుమూడుసార్లు వెళ్ళి, ఆయన కాఫీ తెప్పిస్తే తాగి వచ్చేశాను. కొత్తగా చేరినదాన్ని, ఆడపిల్లని, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఊరుకోవడానికి కారణాలెప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి.

మరుసటి ఏడు ఆఖరి సంవత్సరం తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. శ్రీకాకుళం దాటాక సముద్రపొడ్డున ఉన్న ఒక పల్లె. చేపలు పట్టే కుటుంబం. ఆ పల్లె నుంచి కాలేజీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. మాట్లాడేవాడు కాదు. బొమ్మ కూడా బాగా వచ్చేది కాదు. గీతలు వంకర, చెరిపి చెరిపి కాగితం నల్లబడేది. కానీ మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటే లేచేవాడు కాదు. మిగతావాళ్ళు ఎలాగూ చూడరు గనక అతనికి అడ్డం ఉండేది కాదు.

అతని గలిజేరు బొమ్మలో సున్నా లేదు. మిగతా రికార్డులన్నిటిలో ఉండి ఇతనిదాంట్లో లేకపోయేసరికి, మాస్టారు ఆ చోట ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం వేసి, ‘కేవిటీ ఏది? అసంపూర్ణం, మళ్ళీ వెయ్యి’ అని రాసి, సంతకం పెట్టకుండా తిప్పి పంపేశారు.

అతను ఆ పేజీ నా ముందు పెట్టాడు.

“అక్కడ ఏటీ లేదు మేడమ్. పదిసార్లు సూసినాను.”

“తెలుసు” అన్నాను. ఒక ముక్క కోసి, గాజుబిళ్ళ టపీమని పడేసి, మైక్రోస్కోపు అతని వైపు తిప్పాను. “ఇదిగో, మీవాళ్ళ కేవిటీ.”

అతను కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. గాజుబిళ్ళ మీద సూదితో చిన్నగా నొక్కాడు. బుడగ జరిగింది. అప్పుడు నవ్వాడు. అతను నవ్వగా చూడడం నాకదే మొదలు.

“గాలా మేడమ్! ఇన్నేళ్ళూ అందరూ గాలికి బొమ్మేసినారా!”

నవ్వడం అయ్యాక, “మరి నన్నేటి సెయ్యమంటారు?” అన్నాడు.

అందరిలా వేసెయ్యొచ్చు కదా అని నేను అనలేదు. కానీ అతను అన్నట్టే జవాబు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దవల లాగే రోజుల్లో, ఒడ్డున ఇసకదిబ్బ మీద ఒక మనిషి నిలబడి నీళ్ళకేసి చూస్తూంటాడట. చేపల గుంపు వస్తే నీటి రంగు మారుతుంది. అది చూసి అతను తలగుడ్డ ఊపితే, పడవ వల వేసుకుంటూ పోతుంది, ఊరంతా వచ్చి తాళ్ళు పట్టుకుంటుంది. కనబడకుండా గుడ్డ ఊపితే ఊరంతటికీ ఆ పూట వృథా. అలా ఊపినవాణ్ణి మళ్ళీ దిబ్బ ఎక్కనివ్వరు. ఆ దిబ్బ మీద నిలబడేది వాళ్ళ నాన్నే.

“కనబడనిది కనబడినాదని ఎలా సెప్తాను మేడమ్?” అన్నాడు. అందులో గొప్ప ఏమీ లేదు. వాళ్ళింట్లో అన్నం తినేముందు చెయ్యి కడుక్కుంటారని చెప్పినట్టు చెప్పాడు.

ఆ వారం అతను ఇంటికెళ్ళి, ఈ ఏడు పరీక్ష రాయనని చెప్పేశాడట. వెంటనే వాళ్ళమ్మ బస్సెక్కి వచ్చేసింది. మధ్యాహ్నం లాబ్ గుమ్మం దగ్గర నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సీసాల్లో మొక్కలు నిలవ చేసే మందు వాసన మరి.

“ఏటీ కంపు! మా ఎండుసేపలే నయం” అంటూ లోపలికొచ్చి, నేను కుర్చీ చూపించినా నేల మీదే కూర్చుంది. “మా ఓడికి సంతకం పెట్టాల్సిన మేడమ్మ నువ్వేనా?”

నేనేనని, నా సంతకం ఒక్కటే చాలదని చెప్పాను.

“అందరూ ఏత్తన్నారంట కదమ్మా ఆ బొమ్మ. ఈడేటి ఏయనంతాడు? నువ్వు సెప్తే ఇంతాడు. ఏసెయ్యమని ఓ మాట సెప్పు తల్లీ.”

“అది తప్పు బొమ్మ అమ్మా. తప్పని తెలిసి వెయ్యమని నేనెలా చెప్పను?”

“ఆ సున్నా సుడితే ఎవులి కొంప కూలిపోతాది?”

నిజంగానే ఎవరి కొంపా కూలదు. అయినా పంతం కొద్దీ అన్నాను, “మీ ఊళ్ళో చేపలు కనబడకుండా గుడ్డ ఊపితే ఊరుకుంటారా?”

ఆమె నా వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“ఊరుకోరు” అంది. “ఆల బాబు ఒక్కనాడూ ఊరికే ఊపినోడు కాదు. ఆ మాట మీద ఉండి ఏటి ఒరిగినాదమ్మా? ఇప్పుడు మోకాళ్ళు సచ్చి మంచం మీద ఉన్నాడు. దిబ్బ మీద ఇంకోడు నిలబడతన్నాడు. సదువు పోతే ఈడు పడవెక్కాల. పడవెక్కడం ఈడికి రాదు, సదూకోమని మేవే నేర్పలేదు. అటూ గాకుండా ఇటూ గాకుండా పోతాడు.”

లేచి వెళుతూ, ఆకులో చుట్టిన ఎండునెత్తళ్ళ చేపల పొట్లం బల్ల మీద పెట్టింది. వద్దన్నాను. “తినకపోతే పారేసుకో” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. మాస్టారి మీద, తల్లి రికార్డు మీద, కాఫీ తాగి ఊరుకున్న నా మీద. మర్నాడు గలిజేరు కాడను నాకు వచ్చినంత బాగా కోసి, బుడగ లేకుండా స్లైడు తయారుచేసి, మైక్రోస్కోపుతో సహా మోసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను.

“ఒక్కసారి చూడండి మాస్టారూ. ఆ కేవిటీ ఎక్కడుందో నాకు చూపించండి.”

ఆయన నన్నూ, మైక్రోస్కోపునూ మార్చి మార్చి చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. వంగి కన్ను ఆనించి, గొట్టాన్ని కిందికి దించే మర తిప్పడం మొదలుపెట్టారు. బొమ్మ స్పష్టంగా కనబడే చోటు దాటిపోయింది. నేను చెబుదామనుకునేలోపు ఇంకా తిప్పారు. చిటుక్కుమని స్లైడు పగిలింది.

ఆ పని కొత్తగా చేరిన పిల్లలు చేస్తారు. వేలమంది పిల్లలకు అదే మర తిప్పడం నేర్పిన మనిషి చెయ్యడు.

ఆయన తల ఎత్తలేదు. “తలుపు వేసిరా అమ్మాయ్” అన్నారు.

వేసి వచ్చాను.

“శుక్లాలు” అన్నారు. “రెండు కళ్ళకూనూ. నీ మొహం కూడా పొగలో ఉన్నట్టే కనిపిస్తాది. పెద్ద అక్షరాలైతే పోల్చుకుంటాను. పక్కపక్కన పెట్టుకుంటే బొమ్మకీ బొమ్మకీ తేడా తెలుస్తాది. మైక్రోస్కోపులో చూసి కొన్నేళ్ళయింది. తల్లి రికార్డు పక్కన పెట్టుకుని దిద్దుతున్నాను.”

పిల్లలు చూడకుండా దించుతున్నారని ఇన్నాళ్ళూ మండిపడ్డాను. దిద్దే ఆయన కూడా అదే పుస్తకం పక్కన పెట్టుకుని దిద్దుతున్నారు. ఆ గదిలో గలిజేరు మొక్కతో పనిపడ్డవాళ్ళే లేరు.

“ఆపరేషన్ చేయించుకోవచ్చు కదండీ” అన్నాను.

“కన్ను కొయ్యడమంటే భయం. ఎన్ని కాడలు కోశానో, అదే భయం” అని నవ్వబోయారు. “ఈ ఎండాకాలంతో రిటైరవుతాను. అందాకా నెట్టుకురానీ అమ్మాయ్.”

“మరి ఆ అబ్బాయి? అతని బొమ్మ సరైనది మాస్టారూ. ఆ ఎర్రసిరా కొట్టేసి సంతకం పెట్టండి, చాలు.”

ఆయన బల్ల మీద తడిమి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. “పై ఊరు నించి ఎగ్జామినరు వస్తాడు. రికార్డులన్నీ ముందేసుకుంటాడు. తరగతి మొత్తానికి ఉన్నది వీడొక్కడికీ లేదు. ఇదేటని అడిగితే ఏం చెప్పను? వీడిది తప్పననా? తరగతి మొత్తానిదీ తప్పననా? తరగతిదే తప్పంటే, దిద్దిందెవరని అడుగుతాడు.”

పగిలిన స్లైడు ముక్కలు కాగితంలోకి తీసుకుని బయటికొచ్చాను. వచ్చేటప్పుడు ఉన్న కోపం వెళ్ళేటప్పుడు లేదు. ఆ స్థానంలో నీరసం వచ్చింది. కోపంతో ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఆ నీరసంతో ఏమీ చెయ్యలేం.

అబ్బాయికి మాస్టారి కళ్ళ సంగతి చెప్పలేదు. “ఆయన ఒప్పుకోలేదు” అన్నాను. “వెయ్యమని నేను చెప్పను. వెయ్యొద్దని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. మీ అమ్మ వచ్చి వెళ్ళింది.”

“తెలుసు మేడమ్” అన్నాడు. తన రికార్డు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, బీరువా మీద ఉన్న తల్లి రికార్డు కూడా తీసుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సంతకాల గడువు నాడు తల్లి రికార్డు తిరిగి బీరువా మీద పెట్టి, తన కొత్త రికార్డు నా చేతికిచ్చాడు. తెరిచి చూసి ఆశ్చర్యపోయాను. వంకర గీత ఒక్కటి లేదు. తెగిన వల అల్లే చేతులు మరి. కింద గీత ఉంటే, దాని మీద ఎంత సన్నటి గీతైనా తొణక్కుండా వెళ్ళిపోగలవు. ఆ ఏటి రికార్డులన్నిటిలోకీ అదే అందమైనది.

“పాతదేదీ?” అని అడిగాను. ఆ కాలేజీ మొత్తంలో గలిజేరును చూసి వేసిన బొమ్మ అందులోనే ఉంది మరి.

“మాయమ్మ పట్టికెళిపోనాది మేడమ్. సేపలు కట్టడానికి కాయితాలు లేవంట.”

పేజీలు తిప్పాను. గలిజేరు వచ్చింది. రెండు పెద్ద కట్టలు, చుట్టూ వలయం, దాని చుట్టూ ఇంకో వలయం. కుడివైపు కాస్త పైన సున్నా. మందపాటి నల్లటి అంచు, ఉన్నది ఉన్నట్టు. సరే, అయిపోయింది అనుకున్నాను. సముద్రపొడ్డు నుంచి ఇంత దూరం చదువుకోడానికి వచ్చినవాడికి, ఉన్న మతి పోగొట్టి పంపించాం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఇదే కాబోలు.

అప్పుడు సున్నా నుంచి పక్కకు లాగిన గీత చివర చూశాను. అక్కడ ‘కేవిటీ’ లేదు. మిగతా పేర్లన్నిటికన్నా చిన్న అక్షరాలతో, ఇంగ్లీషులో, ‘ఎయిర్ బబుల్’ అని ఉంది.

తలెత్తి అతని వంక చూశాను.

“మిగతావన్నీ నేను సూసినవే మేడమ్. గీతలు మాత్రం ఆళ్ళవి” అన్నాడు. “బుడగ కూడా సూసినాను కదా. మీరే సూపించినారు.”

ఎడమ గీత మీద సంతకం పెట్టాను. ఆ రికార్డు నేనే స్వయంగా మాస్టారి గదికి తీసుకెళ్ళాను. ఆయన తల్లి రికార్డు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేజీ పోల్చి చూసుకున్నారు. గలిజేరు దగ్గర ఆగారు. ఆయన వేలితో సున్నాను తడిమి, ఉందని తృప్తిపడి, “చూశావా, చెప్తే వింటాడు. మంచి కుర్రాడు” అని టిక్కు పెట్టారు. ఎర్రసిరా టిక్కు సరిగ్గా ‘ఎయిర్ బబుల్’ మీద పడింది. కుడి గీత మీద సంతకం కూడా అయిపోయింది.

అబ్బాయి పరీక్ష పాసయ్యాడు. పై ఊరి ఎగ్జామినరు రికార్డులు తూకం వేసినట్టు చేత్తో ఎత్తి చూసి మార్కులు వేసి వెళ్ళిపోయారు. మాస్టారు ఎండాకాలంలో రిటైరయ్యారు. దండలు వేశాం. మాట్లాడమంటే ఆయన చేతులు జోడించారు. కొత్త శాఖాధిపతి ఎవరూ రాకపోవడంతో, రెండు గీతల మీదా సంతకం పెట్టే పని కొన్నాళ్ళు నాకే అప్పగించారు.

వానలు పడ్డాయి. గోడల పక్కన గలిజేరు పాకింది. దసరాలకు కొత్త తల్లి రికార్డుకు బొట్టు పెట్టారు. ఏదని చూస్తే, ఆ అబ్బాయిదే. అంత శుభ్రమైనది ఇంకోటి లేదు కదా.

ఆ తర్వాత రికార్డులు నా బల్ల మీదికి రావడం మొదలయ్యాయి. మొదటిది తెరిచాను. గలిజేరు, కుడివైపు సున్నా, చిన్న అక్షరాలతో ‘ఎయిర్ బబుల్’. రెండోదీ అంతే, మూడోదీ అంతే. చిన్న అక్షరాలు కూడా అంతే చిన్నగా దించారు. ఒక్కదాన్నే గదిలో పిచ్చిదానిలా నవ్వాను. నవ్వి నవ్వి, బల్ల మీద తల పెట్టుకున్నాను. ఆ అబ్బాయి అంత కష్టపడి రాసిన ఒక్క నిజాన్ని కూడా వీళ్ళు చూడకుండానే దించేశారు. అబద్ధాన్ని దించినప్పుడు ఎలా ఉన్నారో, నిజాన్ని దించినప్పుడూ అలాగే ఉన్నారు.

అందరివీ తిప్పి పంపేశాను. ఎవరి కాడ వాళ్ళే నా ముందు కోసి, చూసి, మళ్ళీ వెయ్యాలన్నాను. గోల గోల అయింది. నన్ను రాక్షసి అన్నారని తెలిసింది. అననీ.

మర్నాడు లాబ్‌లో ఒక అమ్మాయి కిటికీ పక్క మైక్రోస్కోపు దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. పల్లెటూరి రైతుల పిల్ల. మొదటిసారి కాడ కొయ్యడం. ఏమైందని అడిగాను.

“నాకు రావట్లేదు మేడమ్. ఉదయం నించీ కోత్తన్నాను. అన్నీ కనబడతన్నాయి, ఎయిర్ బబుల్ ఒక్కటీ కనబడ్డం లేదు. మార్కులు పోతాయి కదా మేడమ్?”

వంగి చూశాను. రెండు పెద్ద కట్టలు, ఒక వలయం, ఇంకో వలయం. ఎక్కడా చిరుగు లేదు, మరక లేదు. ఆ గదిలో నేను చూసిన గలిజేరు స్లైడులన్నిటిలోకీ శుభ్రమైనది అదే. నేనూ అంత బాగా కొయ్యలేదు. తల ఎత్తేసరికి ఆ పిల్ల సూదితో గాజుబిళ్ళను పైకి లేపబోతోంది, మళ్ళీ వేస్తే వస్తుందేమోనని.

చెయ్యి పట్టుకుని ఆపాను. “ఏమీ పోవు. మార్కులు వేసేది నేనే. నీకేం కనబడుతోందో అదే వెయ్యి.”

ఆ పిల్ల నన్ను నమ్మలేదు. మొహం చూస్తేనే తెలిసింది. అయినా పెద్దవాళ్ళ మాట కాదనలేక పెన్సిలు తీసుకుంది. సాయంత్రం దాకా కూర్చుని, మైక్రోస్కోపులోకి ఒకసారి, కాగితం మీదకి ఒకసారి చూసుకుంటూ వేసింది. వంకర గీతలు, చెరిపిన మరకలు. సున్నా లేదు.

ఎందుకైనా మంచిదని కాబోలు, బొమ్మ కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఒక ముక్క రాసుకొచ్చింది. ఎయిర్ బబుల్ లేదు, అని.

నేను ఆ మాట కొట్టెయ్యలేదు. మొదటి పేజీ తిప్పి, రెండు గీతల మీదా సంతకం పెట్టాను.